వెన్నడబ్బా వెనక

సెప్టెంబరు చివర, గౌయా నది మీద పొగమంచు లేచే రోజుల్లో
లిల్లీ కాయ ఎండి మూడు పాయలుగా నోరు తెరుస్తుంది.
వెల్గ దాన్ని టీ సాసరులోకి దులిపింది.
ఉల్లిపొరల్లాంటి గింజలు
చిల్లర నాణేల దొంతరలా ఒకదాని మీదొకటి.

"అన్నీ గింజలు కావే" అంటూ
ఒక్కొక్కటే దీపానికి అడ్డం పెట్టి చూపించింది.
నడుమ సన్నని గీత ఉంటే ప్రాణం ఉన్నట్టు.
లేనివి ఊదితే పోతాయి.
ఆ సాయంత్రం మేం ఊదేసినవే ఎక్కువ.

మందుల షాపు కవరు మీద రాసుకున్నాను:
తడి నాచు. పిండితే చుక్క రాలకూడదు.
మూడు నెలలు పొయ్యి ఉన్న గది,
మూడు నెలలు ఫ్రిజ్జు,
ఆ తర్వాతే మట్టి.
ఆకు కనిపించలేదని కెలకొద్దు.
ఈ జాతి ముందు చీకట్లోనే కాపురం పెడుతుంది.

డిసెంబరులో రాత్రి డ్యూటీ దిగొచ్చి
బూట్లు విప్పకుండానే సంచీని కిటికీకెత్తి చూశాను.
నాచులో నూకగింజంత తెల్లని గడ్డలు, పదకొండు.
మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.
క్రిస్మస్ మర్నాడు వెన్నడబ్బా వెనక దాచాను.

ఫిబ్రవరిలో తాలివాల్దిస్ ఫ్రిజ్జు కడిగాడు.
మంచివాడు. ఏడాదికోసారి కడుగుతాడు.
"బీట్‌రూట్ తొక్కేదో కుళ్ళిపోయింది, పారబోశాను."
నేనేమీ అనలేదు.
అనకపోవడం అర్థమై
పార పట్టుకుని పెరట్లోకి నడిచాడు.
మోకాలిలోతు మంచు కింద
ఎరువుకుప్ప బండరాయిలా బిగుసుకుపోయి ఉంది.

వెల్గకి చెబితే నవ్వింది, కట్టుడుపళ్ళు తీసేసిన నోటితో.
"ఫ్రిజ్జులు రాకముందు
ఈ పని ఎవరు చేశారనుకున్నావు?"

మే రెండోవారం,
గుడ్డుపెంకులకీ టీ పిప్పికీ నడుమ
ఒక ఆకు. చిటికెనవేలి గోరంత.
పక్కన ఇంకొకటి అనుకుని మోకాళ్ళ మీద కూలబడితే
అది గడ్డి.

చివరికి నాలుగు దొరికాయి.
ఇది మూడో వేసవి. ఏటా ఆకు కాస్త వెడల్పవుతుంది, అంతే.
పువ్వుకి ఇంకో నాలుగేళ్ళు అంటుంది వెల్గ.
ఆమెకి ఎనభై ఆరు.
రంగు రాసిన చీటీ సంచీతోనే పోయింది.
అడిగితే తనకీ గుర్తులేదట.

ఇప్పుడు ఫ్రిజ్జులోంచి ఏది పారెయ్యాలన్నా
తాలివాల్దిస్ నన్ను నిద్రలేపుతాడు.
నిన్న పొద్దున
అరచేతిలో జాగ్రత్తగా పట్టుకొచ్చాడు,
ఎండిపోయిన నిమ్మచెక్క.
"ఇదీ మొలిచేదేనా?"