నీళ్లు దిగాక

అక్టోబరు రెండో వారం. ఆనకట్ట గేట్లెత్తారు.
సరస్సు రెండు మెట్లు కిందికి దిగింది.

పడవలకు పెట్రోలు పోసే వెల్డా
మోకాటి బూట్లేసుకుని బురదలోకి దిగింది.
వేసవంతా జనం జారవిడిచినవి ఏరుతోంది:
నల్లకళ్లద్దాలు పదకొండు జతలు,
ఒంటి చెప్పు,
హార్‌గ్రీవ్ వాళ్లబ్బాయి పళ్లకు పెట్టుకునే తీగ.

ఆగస్టులో ఇక్కడ మాట వినపడేది కాదు.
మోటార్ల రొద, స్కీ తాడు పట్టుకున్న పిల్లల కేకలు,
"ఫుల్ ట్యాంకు, వెల్డా!"

ఇప్పుడు కాటేజీల కిటికీలకు చెక్కలు.
నీటి మీద ఒక్క లూన్ పక్షి,
అదీ మూటాముల్లె సర్దుకున్నట్టే ఉంది.

కాలి కింద ఏదో గుచ్చుకుంది.
గల్లాపెట్టె తాళంచెవి.

దీనికోసమే కదా జులైలో
కీనన్‌ని పని మాన్పించింది.
వాడు టోపీ తీసి ఏదో చెప్పబోయాడు కూడా.

తాళంచెవిని నీళ్లలో ముంచి కడిగింది.
బురద పోయాక కూడా
కడుగుతూనే ఉంది.