ఇరవై ఏడో ప్రశ్న

"కుక్కను పట్టుకోండి!" అని కేకేశాను.
మా వైపు గడప తొక్కే ముందు పలకరింపు అదే.
చెక్కల దడి వెనక తెల్లటి గుడారం,
కింద ఉలాన్‌బాతర్ పొగలో సగం మునిగి ఉంది.
"కుక్క లేదు, రా" అంది తలుపు తీసిన మనిషి.
"లారీలో దానికి చోటు చాల్లేదు."

పేరు త్సెరెన్‌దులామ్. యాభై మూడేళ్లు.
ఉప్పు టీ పోసి, నా చేతిలో ట్యాబ్ వైపు చూసి
"ఇందులో ఎంతమందిమి ఉన్నాం?" అనడిగింది.
పన్నెండు వందల కుటుంబాలన్నాను.
"పెద్ద మందే" అంది.

మొదటి ప్రశ్నలు తేలిక.
ఇంట్లో ఎందరు, నీళ్లు ఎక్కణ్ణించి,
పొయ్యిలో ఏం కాలుస్తారు.
బొగ్గు. అది కొనలేని వారం, టైరు ముక్కలు.
"రెండోది రాయకు" అంది.
రాశాను.
చెరిపాను.

ఇరవై ఏడు:
మీరు ఇక్కడికి రావడానికి ప్రధాన కారణం?
ఒక్కటే ఎంచుకోవాలి.
వాతావరణం, ఉపాధి, చదువు, వైద్యం, అప్పు, ఇతరం.

ఆమె పొయ్యి మూత జరిపి
లోపలికి చూస్తూ చెప్పింది:
"ఆ ఏడు గడ్డి చీలమండ దాటలేదు.
మేకల్ని హామీ పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చి
ఎండుగడ్డి కొన్నాం.
నవంబరులో మంచు మీద వాన పడింది, నవంబరులో!
తెల్లారేసరికి నేలంతా గాజు.
కింద గడ్డి కనిపిస్తూనే ఉంది.
మూతులు చీలి నెత్తురు కారేదాకా గీకాయి.
హామీ చచ్చిపోయింది,
అప్పు మాత్రం బతికే ఉంది.
అప్పుడే మనవరాలికి దగ్గు.
ఆస్పత్రి నూట ఎనభై కిలోమీటర్లు.
గుర్రం నడిచొచ్చింది అమ్మాయ్,
ఏ కాలు నడిచిందని అడుగుతావేం?"

నా వేలు గడుల మీద తచ్చాడింది.
గడియ దాటితే ట్యాబ్ నిద్రపోతుంది,
పోయింది.

ఇరవై ఎనిమిది: ఎన్ని పశువులు నష్టపోయారు?
అంకె చెప్పలేదామె.
"పొగరంగు ఆడగుర్రం, వెన్నున నల్లచార.
దాని పిల్ల, ఇంకా రంగు తేలనిది.
పాలు చేపాలంటే పాట పాడాల్సిన ఆవు.
ఒంటికొమ్ము పొట్టేలు..."
వేళ్లు మడుస్తూ పోయాను.
రెండు చేతులూ అయిపోయాయి.
ఆమెకింకా గొర్రెలే పూర్తి కాలేదు.

ఉన్నట్టుండి ఆగి
"మీవాళ్లెప్పుడొచ్చారు?" అంది.
నా మాటలో యాస పట్టేసింది.
నాకప్పుడు ఆరేళ్లు.
కొండకు అవతలి వాలులో నాన్న దడి పాతాడు.
తలుపు వెనక మేకుకి కళ్లెం తగిలించి
ఏటా దానికి నూనె రాసేవాడు,
గుర్రం లేదు.
"ఎందుకొచ్చారు?"
నాన్ననెప్పుడూ అడగలేదు.
తెలీదన్నాను.
"దానికి గడి ఉందా?"
ఉంది. తొంభై ఎనిమిది నొక్కితే 'తెలియదు'.
ఆమె నవ్వింది. పై పన్నొకటి లేదు.

"ఇతరం" ఎదుట ఖాళీలో
ఆమె చెప్పినవన్నీ ఎక్కించాను,
గుర్రంతో మొదలుపెట్టి, రంగు రంగూ.
అక్షరాలకు హద్దుందని తెలీదు నాకు.
ఆఫీసునుంచి మర్నాడు కబురు:
"నాలుగు వందల పన్నెండో ఇల్లు అసంపూర్తి.
చివర 'ఎడమ చెవి తెగిన మేకపో' అని ఉంది.
సరిచేసి, ఒక కోడు ఇవ్వండి."

ఇవ్వలేదు.
ఎవరో ఇచ్చారు.
హోటల్ హాల్లో తెర మీద గుండ్రటి పటం చూశాను,
నీలం ముక్కలో ఉందో, పసుపు ముక్కలోనో.
పటం బావుందన్నారు అందరూ.
నిజంగానే బావుంది, అదే ఇబ్బంది.
నా రోజుకూలీ కవరు జేబులో పెట్టుకుని
బిస్కెట్లు రెండెక్కువే తిన్నాను.

ఏడాదికి రెండో విడత.
అదే వాలు, అదే దడి, ఒక చెక్క కొత్తది.
"కుక్కను పట్టుకోండి!" అన్నాను,
అలవాటుగా.

లోపల్నించి మొరిగింది.
చిన్న గొంతు, ఇంకా మొరగడం సరిగా రానిది.

"పట్టుకున్నా, రా!"