క్రావడి

చెనాయ్ ట్రేడ్ సెంటర్ల, మెట్ల కింది దుకాణంల
తూకానికి పోవాల్సిన డబ్బాను
ఇరవై రెండు వందలకు మాట్లాడి
ఆటోల ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన.
"చాచా, దీంట్ల విండోస్ నడ్వది" అన్నడు ముబష్షిర్.
"నడ్వకుంటే మంచిదే, వేరేది ఎక్కిస్త" అన్న.
అప్పటికి నాకు ఎక్కించుడు రాదు.

పార్సీగుట్ట గతుకులకు ర్యామ్ కదిలింది.
మూడు బీప్‌లు. ఆగి, మళ్ళ మూడు.
కింది వాటా పిల్లనడిగి పెన్సిల్ రబ్బరు తెచ్చి
ఆ బంగారు పండ్లను రుద్దిన,
ఊదిన, నొక్కిన, టక్కున కూసున్నది.
ముప్పై ఏండ్లు సీసపు అక్షరాలను
కిరోసిన్ గుడ్డతోని తుడిచిన చెయ్యి,
దానికి ఎవరూ నేర్పలే.

ఈ మిషన్‌కు తారీఖు నిలవదు.
బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ చచ్చింది.
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
రెండు వేల తొమ్మిది, జనవరి ఒకటి,
రాత్రి పన్నెండు.
ఆ యేడు మా ప్రెస్సు ఇంకా ఉండె,
కాచిగూడల, ఇరానీ హోటలు వెనుక.
ట్రెడిల్ ఆగి చాన్నాళ్ళయినా
గళ్ళ పెట్టెలు గోడకే ఉండె.
ముప్పై రూపాయల బిళ్ళ కొనక
నాలుగు నెలలు దాటేసిన.
బద్ధకమే. ఇంకేం కాదు.

వైఫై కుదరలే.
ఫోనుకు తీగ కట్టి నెట్టు తోడుకున్న,
మా బోరు ఎండితే పక్కింటి పైపు గుంజుకున్నట్టు.
పాట ఎడమ దిక్కే వస్తది. రానీ.
ఒక ఐతారం ఉబలాటానికి ఏదో అప్‌డేట్ కొడితే
తెల్లారి నల్ల తెర,
గ్రబ్ రెస్క్యూ అని ఒక్క మాట,
పక్కన మిణుకుమనే గీత.
జ్యోత్స్న గుమ్మంల నిలబడి
"పాడు జేసినవా?" అన్నది.
"పాడు కాలే. అడుగుతున్నది."
"ఏమని?"
"నా ఇల్లు ఎక్కడ అని."
ఆమె కుక్కరు దించడానికి పోయింది.

మూడు రాత్రులు ఒక్కొక్క గడి తెరిపించిన,
ఇందుల ఏమున్నది, ఇందుల ఏమున్నది,
తెలియని భాష, తెలియని భాష,
నాలుగో గడిల దొరికింది.
చప్పట్లు కొట్టలే. లైటు ఆర్పి పన్న.

అన్నీ అయినంక తెలుగు కొట్టి చూసిన.
కంపోజిటర్ మొదట ఏ మాట కొడతడు?
తనను ఎక్కువ సతాయించినదే:
స్వాతంత్ర్యం.

ప్రతి ఆగస్టుకు కరపత్రాల గిరాకీ,
పెట్టెల క్రావడులు తక్కువపడేటివి.
ప్రూఫులు చూసే రాఘవాచారి సారు
యవత్తు ముందా, క్రావడి ముందా అని
చాయ్ చల్లారేదాక కొట్లాడేటోడు.
ఒకసారి విరిగిన క్రావడిని ఆకురాయితోని గీకి
సందుల ఇరికించిన.
రెండు వేల కాపీలు. ఎవ్వరూ కనిపెట్టలే,
సారు తప్ప. ఆయన కూడా ఏమనలే.

టెర్మినల్ల ఏమైంది?
స వేరే, వ వేరే,
నడుమ పొల్లులు నిక్కి నిలబడ్డయి,
త కింద ఒదగాల్సింది
చుక్కల చక్రం చేతబట్టుకొని
పక్కకు పోయి కూసున్నది,
సీటు దొరకక బస్సు మెట్ల మీద కూసున్న ముసలాయన లెక్క.

ఫాంటు మార్చిన. టెర్మినలే మార్చిన.
ఒకదాంట్ల అతుకుతది, ఇంకోదాంట్ల ఊడుతది.
ముబష్షిర్‌కు ఫోను చేస్తే నవ్విండు:
"మా ఉర్దూ అక్షరాలు కూడా అండ్ల
ఒకదాని చెయ్యి ఒకటి విడుస్తయి చాచా."
ఆ మాటకు కొంచెం నిమ్మళమైంది,
ఎందుకో.

రాతపెట్టెల మాత్రం ఒక్కటైంది.
డెబ్బై రెండు పాయింట్లకు పెంచి చూసిన.
క్రావడి చుట్టు తిరిగొచ్చి త ఒళ్ళోకి చేరింది,
యవత్తు దాని పక్కన.
వెంట్రుకవాసి ఎడమకు జరగాలె.
ఇక్కడ గీకడానికి ఆకురాయి లేదు,
ఎండ్లనో ఒక సెట్టింగు ఉంటది, వెతుకుతున్న.
జ్యోత్స్న పడుకున్నది. ఫ్యాను గరగరమంటున్నది, డబ్బాది.
మూలకు టైము చూసిన:
రెండు వేల తొమ్మిది, జనవరి ఒకటి,
రాత్రి రెండున్నర.