చుక్క తర్వాత సున్నా

మైలవరం పోయే దారిలో, ట్యాంకర్లు బారులు తీరే చోట
సైదాబీ టీ బడ్డీ. దాని వెనక బోరింగు.
ముందు ఐదు నిమిషాలు కొట్టి వదిలేయాలి,
గొట్టంలో నిలవున్న నీళ్లు పోవాలి.
తర్వాత అదే నీళ్లతో సీసాని మూడుసార్లు తొలచాలి.
ఇది నా ఉద్యోగం. రోజుకూలీ.
బండికి పెట్రోలు ఖర్చులు ఇవ్వరు.

"ఐదు నిమిషాల నీళ్లు ఊరికే పారబోస్తే
పాపం కాదటయ్యా" అంటుంది సైదాబీ,
గబగబా బకెట్టు తెచ్చి కింద పెడుతుంది.
ఆ బకెట్టే పొయ్యెక్కుతుంది.
ఆ టీయే నేను తాగుతాను.

గోడకవతల తెల్లటి ట్యాంకులు,
పెళ్లయ్యాక బోర్లించిన గంగాళాల్లా.
తుప్పుపట్టిన గొట్టమో, కడిగి పారబోసిన మడ్డో,
ఏ ఏటి వానలో ఏ లారీ బోల్తాపడిందో
ఒట్టేసి చెప్పేవాళ్లు లేరు.
నేల మాత్రం అన్నీ తాగి
పిల్లిలా మూతి తుడుచుకుని కూర్చుంది.

సైదాబీ దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూస్తుంది.
"కంపుంటే నాకు తెలీదా?
ఇరవయ్యేళ్లుగా డ్రైవర్ల చొక్కాల మధ్యే కదా బతుకు."
నిజమే.
పెట్రోలు కిర్రుచెప్పులేసుకొచ్చే దొంగ, ఇట్టే దొరికిపోతుంది.
సీసం అలా కాదు.
చుట్టంలా వస్తుంది,
ఎముకలో చాప పరుచుకుంటుంది,
ఇక వెళ్లొస్తానని అనదు.

సీసాలో కొద్ది చుక్కలు ఆసిడ్ వేస్తాను,
లోహం గోడలకి అంటుకుపోకుండా.
మూత బిగించాక పేరు రాయకూడదు, నంబరు రాయాలి.
పందొమ్మిది.
సైదాబీ పందొమ్మిది.
బోరింగు చేతికి వేలాడి ఊగే మనవడు ఖాజా కూడా పందొమ్మిదే.
వాడు పలక మీద అ ఆ లు రాస్తూ
'ఋ' దగ్గర ఆగిపోయి, చెరిపేసి, మళ్లీ మొదలెడతాడు.
రెండేళ్లుగా అంతే.

పదహారు రోజులకి కాగితం వచ్చింది.
ల్యాబులో విమల మేడం ఎర్ర పెన్నుతో
ఒక్క గీత గీసి నా చేతికిచ్చింది.
పొయ్యి పక్కన నిలబడి చదివాను:
సున్నా, చుక్క, సున్నా, ఆరు.

సైదాబీ నవ్వింది.
"రెండు సున్నాలు, ఒక చుక్క, చివర్న ఓ ఆరు.
మా ఏసోబు టీ బాకీ ఇంతకంటే ఎక్కువ.
సున్నాలకి జడుసుకోమంటావా?"

ఎలా చెప్పను,
ఈ లెక్కల్లో ప్రాణం చుక్క తర్వాతే ఉంటుందని.
ఆరున్న చోట ఒకటి దాటకూడదని.
ఉప్పుతో పోల్చి చూశాను, కుదరలేదు.
"తేలు కొండిలో ఎంత విషం ఉంటుంది బీబమ్మా" అన్నాను.

నవ్వు ఆగింది.
ఖాజా వైపు చూసింది. పలక వైపు చూసింది.
ఏమీ అడగలేదు.
కాగితం రెండోవైపు తిప్పాను. తెల్లగా ఉంది.
పిల్లాడి సంగతి అందులో ఎక్కడా లేదు.

మర్నాడు పంచాయతీ వాళ్లొచ్చి బోరింగుకి ఎర్రరంగు కొట్టారు.
ఆ రంగు డబ్బాలో ఏముందో నేను చూడలేదు.
ఇప్పటికీ దాని కిందే ఎవరో ఒకరు గిన్నెలు తోముతుంటారు,
"తాగట్లేదుగా" అంటూ.

క్యాను ఇరవై. టీ మీద రెండు రూపాయలు పెరిగింది.
డ్రైవర్లు గొణిగారు, రెండు రూపాయల గురించి కాదు.
ఏసోబు గ్లాసు ఎత్తి వెలుతుర్లో చూసి అన్నాడు:
"రుచి మారింది బీబమ్మా, ఏదో తగ్గింది.
ఇదివరకు నాలిక మీద ఓ పట్టుండేది."

ఆ పట్టు నాకూ తెలుసు.
రెండేళ్లపాటు వారానికో గ్లాసు,
ఒక్కోసారి రెండు,
నేనే కొట్టి వదిలేసిన నీళ్లతో కాచింది.

నా ఐసుపెట్టెలో నంబరు వేయని సీసా ఒకటి మిగిలింది.
చేతిలోకి తీసుకున్నాను, మళ్లీ పెట్టేశాను.
మావి నీళ్ల సీసాలు.
రక్తం పట్టేవి వేరే ఉంటాయి,
అది వేరే శాఖ.