ఫారం ఏడులో లేని గడి

ఇంటి నంబరు అడిగితే
వాసుపల్లి దానయ్య కెరటం వైపు చెయ్యి చూపించాడు.
"అదిగో, నురగ ఇరిగే కాడ.
అరుగు మీకు అవుపడదు గానీ
నా కాలికి ఇంకా తెలుస్తాది."

నేను అంగన్‌వాడీ టీచర్ని, ఎన్నికలొస్తే బీఎల్వోని.
జాలరిపేట చివరి లైను, పదకొండు గడపలు.
జాబితాలో ఉన్నాయి, ఇసకలో లేవు.
ఫారం ఏడులో చచ్చిపోయినవాళ్లకి గడి ఉంది,
ఊరు మారినవాళ్లకీ ఉంది.
మనిషి అక్కడే ఉండి
వీధి వెళ్లిపోతే?

దానయ్య గోనెసంచిలోంచి అట్ట ఊడిన పుస్తకం తీశాడు.
డెబ్భై నాలుగులో, హార్బర్లో ఓడలకి మోకులు కట్టే రోజుల్లో
గోధుమల ఓడ సెకండాఫీసరు పారేసి పోయింది:
బ్రిటన్ పార్లమెంటు సీట్లు, ఓట్లు, మెజారిటీలు.
ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో
వేట లేని నెలల్లో అదే చదువుతాడు.

"కార్మార్థెన్ సూడమ్మా. మూడే ఓట్లు మెజారిటీ!
మూడంటే ఏటి? నేనూ, మా ఇంటిదీ, మా బామ్మర్దీ.
ఆ పూట మేం సేపలమ్మడానికి ఎల్లిపోతే
ఒకడి బతుకు తిరగబడిపోను."
అదే ఏడు అక్టోబర్లో మళ్లీ ఎన్నికలట అక్కడ.
ఆ మూడు ఓట్లవాడు
మూడు వేల పైచిలుకుతో కొట్టుకుపోయాడని
ఇంకో ఓడ కుర్రాడు చెప్పాడట.
ఎనిమిది నెలలకే పాతబడ్డ పుస్తకం!

చివర్లో ఒక పేరు కింద పెన్సిలు గీత. డన్‌విచ్.
"రేవు ఊరు. సముద్రం ఈధెనకాల ఈధి మింగీసింది, సర్చిల్తో సహా.
అయినా ఇద్దరు ఎంపీలు!
పద్దెనిమిదొందల ముప్పై రెండుదాకా తియ్యనేదు.
మాకు ఇద్దరొద్దు తల్లీ.
ఉన్న ఓటు ఉండనీ."

ఆ సీటు పెద్దమనుషుల జేబులో ఉండేదని
కింద సన్నక్షరాల్లో ఉంది.
దానయ్య చదవలేదో, చదివే దాటేశాడో.

డాల్ఫిన్స్ నోస్ వెనక ఓడ కూత వేసింది.
చేతిలో ఫోను మోగుతోంది, సూపర్‌వైజరు:
ఎన్ని తీసేశావు అంటాడు.
"కార్మార్థెన్ ఇప్పుడు ఎవులదమ్మా?
ఫోన్లో ఉంటాది గదా, సూడు" అంటున్నాడు దానయ్య.

ఉన్నది ఒక్క ఫోను.
మోగడం ఆగేదాకా
ఇద్దరం కెరటాల్ని చూస్తూ నిలబడ్డాం.