టంగుటూరు షెడ్డులో ఓడ

రైల్వే గేటు పక్కన అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి పావలా. పాడుచేస్తే అర్ధరూపాయి.
అట్ట మీద ఓడ, ఓడ మీద కత్తి పట్టినోడు,
వాడి భుజమ్మీంచి సగం మొహం కనపడే రాకుమారి.
ఆ మిగతా సగం కోసమే
తలా కొంత వేసుకుని తెచ్చాం.

పొగాకు గ్రేడింగు షెడ్డులో నలభైమందిమి.
ఏడో తరగతి దాకా పోయినదాన్నని
నన్ను బేలు మీద కూర్చోబెట్టారు.
నా వంతు ఆకు మాలకొండమ్మ వరసలో,
పెంచలమ్మ వరసలో కలిసిపోయేది.
మేస్త్రీ చూసీ చూడనట్టు తుమ్మేవాడు.
ఆయనకీ కావాలి, ఆ ఓడ ఏమైందో.

మంచిగంధం కాలే రేవులు,
కుంచాలతో కొలిచే ముత్యాలు,
నల్ల తెరచాపల దొంగలు.
వర్ణన దాటేయబోతే పెంచలమ్మ ఒప్పుకునేది కాదు:
"ఆగవే, ఆ మేడమెట్లు ఎక్కనీ నన్ను.
మోకాళ్ళు నొయ్యకుండా ఎక్కేది అక్కడొక్కటే."
ముద్దు పెట్టుకునే చోట
గొంతు తగ్గించమనేవాళ్ళు,
తగ్గిస్తే వినపళ్ళేదని మళ్ళీ చదివించేవాళ్ళు.

సముద్రం మాకు ఎనిమిది మైళ్ళే.
చూసింది మాలో నలుగురో అయిదుగురో.
మేం ఏరిన ఆకు మాత్రం
మద్రాసు రేవులో ఓడెక్కి
నోరు తిరగని ఊళ్ళకి పోయేది.
కట్ట బిగించేటప్పుడు సువార్తమ్మ
దాని చెవిలో అన్నట్టే అనేది:
"పోయిరా. ఆ మంచిగంధం ఊరు తగిలితే
మమ్మల్ని అడిగామని చెప్పు."

పదమూడో ప్రకరణంలో వచ్చింది చిక్కు.
రాకుమారి కోట కిటికీ దగ్గర కూర్చుంది.
పద్నాలుగులోనూ కూర్చుంది.
పదహారులో చంద్రుణ్ణి చూస్తా కూర్చుంది.
"కాళ్ళు తిమ్మిరెక్కవా ఆ పిల్లకి?" అంది మాలకొండమ్మ,
పొద్దుట్నించీ తను కదలని
గోనెపట్టా మీంచి.
ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నేనేం చేశానో
ఇన్నేళ్ళకి చెబుతున్నా.
పుస్తకంలోంచి కళ్ళెత్తకుండా
రాకుమారిని కిటికీ దూకించాను.
ఉప్పు కయ్యల గట్ల మీదగా రేవుకి నడిపించాను.
ఆ కయ్యలు మా పక్క ఊరివే. ఎవరూ అడగలేదు.
చుక్కాని చేతికిచ్చాను.
అరచేతులు బొబ్బలెక్కాయని చదివాను.
అక్షరమ్ముక్క లేదు అక్కడ.

మరి ఆ కత్తి పట్టినోడు?
వాణ్ణి ఓడలో వంటకి పెట్టాను.
షెడ్డు రేకులు లేచేట్టు నవ్వారు.
గాలివాన రాత్రి మాత్రం
వాడు దీపం కిందికి జరిగి
ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని
బొబ్బలకి నూనె రాశాడు.
ఏమీ మాట్లాడలేదు. రాశాడు, అంతే.
అక్కడ ఎవరూ నవ్వలేదు,
ఆకు చప్పుడు కూడా ఆగిపోయింది.
సువార్తమ్మ తన చేతులు తిప్పి
జిగురు పట్టిన వేళ్ళ వంక
ఎవరివో చూసినట్టు చూసుకుంది.

ఖాదర్‌బీ నా మోకాలి పక్కనే కూర్చునేది.
వేలిముద్ర మనిషి.
"కూలి రోజు నాకు సిరా ఎందుకు,
ఈ జిగురు చాలదా" అనేది.
నడిసంద్రంలో మా ఓడ పోతుంటే
మెల్లిగా నా పాదం గిల్లింది:
"పేజీ తిప్పవే.
ఇందాకట్నించీ అదే బొమ్మ ఉంది.
మేస్త్రీ చూస్తన్నాడు."

తిప్పాను.

తిరిగిచ్చిన రోజు కొట్టాయన
అద్దాలు సర్దుకుని ఒక్కో కాగితం చూశాడు.
ప్రతి అంచునా గోధుమరంగు మరక.
"ఇదేందమ్మా, ఈ ఒక్క పేజీ
ఇంతగా నలిగింది? ఇక్కడ అంత ఏముందని?"
అర్ధరూపాయి అన్నాడు.

కొంగుముడి విప్పి కట్టింది ఖాదర్‌బీ.
"రెండో భాగం ఉండాదా?" అని అడిగింది,
ఆయన్ని కాదు,
నా వైపు తిరిగి.