నవ్వించే గాలి

మార్చి నెలాఖరు. పైన హెల్సింకీలో మంచు కరుగుతోంది.
కింద, కొండరాయి కడుపులో,
ఊరి మురుగంతా గోధుమరంగు నురగై సుడి తిరుగుతోంది.
ఐలాది రాత్రి డ్యూటీ.
రబ్బరు బూట్లు, చెవులకు డొప్పలు,
ఫ్లాస్కులో అడుగంటిన కాఫీ.

తెర మీద ఒక గీత
నిన్నటిదాకా నేలబారుగా పాకినది
ఇవాళ మోకాళ్ళ మీద లేచింది.
నైట్రస్ ఆక్సైడ్.

పద్నాలుగో ఏట దవడపన్ను పీకించుకుంది ఐలా.
ముక్కు మీద రబ్బరు గిన్నె.
పన్ను పళ్ళెంలో టంగుమంటే
పకపకా నవ్వింది.
ఇంటికెళ్ళాక ఏడ్చింది.
ఆ గాలే ఇది.
నవ్వు నాలుగు విధాల చేటంటారు,
ఈ నవ్వు బొగ్గుపులుసు గాలికన్నా
రెండొందల డెబ్బైమూడింతల చేటు.

తొట్టిలో ఎవరున్నారని?
కంటికి ఆనని కూలీలు, గుంపులు గుంపులుగా.
ఉచ్చలోని ఘాటును ఒకరు కొరికి పక్కకి అందిస్తారు,
పక్కవాళ్ళు ఇంకాస్త కొరికి కిందికి దించుతారు,
ఆక్సిజన్ అందని చీకట్లో మూడోవాళ్ళు
దాన్నే ఊపిరిగా పీల్చి
ఏ పాపం ఎరగని నైట్రోజన్‌గా వదిలేస్తారు.
ఒకడి ఎంగిలి ఇంకొకడికి అన్నం.
ఈ బంతిలో ఎవరి పేరూ ఎవరికీ తెలీదు.

ఇప్పుడు కరిగిన మంచు కాలవల్లోంచి దిగింది,
తొమ్మిది డిగ్రీల నీళ్ళు.
చలికి ముందు ముడుచుకునేది ఆ రెండో వరసే.
మొదటివాళ్ళు అందిస్తూనే ఉన్నారు,
అందుకునే చెయ్యి లేదు.
ఆ చేతికీ ఈ చేతికీ మధ్య
నవ్వు పుడుతుంది.

తార్మో ఇరవయ్యారేళ్ళుగా ఈ గుహలోనే.
వాసన చూసి బురద ఒంట్లో ఎలా ఉందో చెప్పేవాడు.
ఇంత పలచటి గాలికి వాసనుండదు.
"నీళ్ళు బానే ఉన్నాయిగా," అన్నాడు ఫోన్లో, నిద్రగొంతుతో.
ఉన్నాయి.
బాల్టిక్‌లోకి పోయే నీళ్ళు గాజుగ్లాసులో పట్టి చూస్తే
అవతల వేళ్ళ గీతలు కనిపిస్తున్నాయి.
అనుమతి కాగితం నీళ్ళ గురించే అడుగుతుంది.
ఆ లెక్కన మేం మంచివాళ్ళం.

బురద తోడేసే పంపును ఐలా సగానికి తగ్గించింది.
నిదానంగా పెరిగేవాళ్ళు
కొట్టుకుపోకుండా ఇంకొన్నాళ్ళు ఉండనీ అని.
ఫలితం రేపు రాదు.
ఏప్రిల్‌లో రావచ్చు, మే కూడా కావచ్చు.
లాగ్‌బుక్కులో కారణం అన్న గడిలో
'చలి' అని రాసి, కొట్టేసి,
మళ్ళీ 'చలి' అనే రాసింది.

తెల్లారి లిఫ్టులో పైకొస్తే
గుట్ట మీద పొగ లేని పొగగొట్టం.
దాని పాదాల దగ్గర
బడికి పోయే పిల్లలిద్దరు
మిగిలిన మురికిమంచు మీద
సంచుల మీద కూర్చుని జారుతున్నారు,
పడి, లేచి, ఒకటే నవ్వు.

ఐలా ఆగి చూసింది.
నాలుక దానంతటదే వెళ్ళి
ఆ పాత ఖాళీని తడిమింది.